ఏసీ (కోల్డ్ స్టోరేజీ)లో జప్తయిన మిర్చి: దావా గెలిచాం, నష్టం ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి?

పల్నాటి టీచరమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్తే. విషయం కాస్త పొడుగు, విసుక్కోకుండా చదవండి.

మా నాన్న రైతు. సొంతం రెండెకరాలు, మిగతాది కౌలు. దాంతోపాటు చుట్టుపక్కల ఊళ్లలో మిర్చి కొని గుంటూరు యార్డుకు పంపే చిన్న వ్యాపారం ఉంది. 2021లో ఒక ఫైనాన్సు వ్యాపారి దగ్గర ప్రోనోటు మీద 6 లక్షలు తీసుకున్నారు. 2022 ఆఖరుకల్లా వడ్డీతో సహా కట్టేశారు. చాలా భాగం బ్యాంకు నుంచే వెళ్లింది. నోటు వెనక్కి ఇవ్వమంటే "బీరువా తాళం మావాడి దగ్గరుంది, వచ్చాక ఇస్తాలే" అన్నాడు. అదే నోటుతో 2023లో 9 లక్షలకు దావా వేశాడు.

దావాతోపాటే తీర్పుకు ముందు జప్తు చేయమని పిటిషన్ పెట్టాడు. మా నాన్న సరుకంతా అమ్ముకుని ఊరు విడిచి పోయే ఏర్పాట్లలో ఉన్నారట, అఫిడవిట్‌లో అలా రాశాడు. తిరపతి వెళ్లినా దర్శనమైన రాత్రికే బస్సెక్కే మనిషి ఆయన. 2023 జూన్‌లో అమీనా (కోర్టు ఆర్డర్లు అమలు చేసే ఉద్యోగి) వచ్చి కోల్డ్ స్టోరేజీలో ఉన్న 110 టిక్కీలు (మిర్చి బస్తాలు) జప్తు చేశాడు. అవి చాలవన్నట్టు ఊళ్లో ఉన్న ఇంటి స్థలం కూడా. ఆ 110లో 30 టిక్కీలు మా బాబాయివి. ఒకే లారీలో తెచ్చి నాన్న పేరు మీదే ఏసీలో పెట్టారు.

అప్పటికి మా తేజ రకం మిర్చికి క్వింటా 21 వేలకు బేరం వచ్చి ఉంది. మొత్తం దాదాపు 50 క్వింటాళ్లు. 2025 ఫిబ్రవరిలో దావా కొట్టేశారు. జప్తు ఎత్తేసి సరుకు మా చేతికి వచ్చేసరికి రంగు పోయింది, తూకం తగ్గింది, పైగా మార్కెట్ కుప్పకూలింది. ఆ నెలలోనే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది, గుర్తుండే ఉంటుంది. కొత్త కాయకే దిక్కు లేకపోతే పాత కాయను ఎవరు చూస్తారు? 8 వేలకు వదిలించుకున్నాం. ఏసీ అద్దె మళ్లీ అదనం. స్థలానికి అడ్వాన్సు ఇచ్చినాయన ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) జప్తు చూసి వెనక్కి తగ్గాడు, చెల్లి పెళ్లికి బయట వడ్డీకి తెచ్చాం.

వ్యాపారిని అడిగితే "జప్తు చేసింది కోర్టు, నన్నడుగుతావేంటి" అంటున్నాడు. మా వకీలుగారు ఒక పిటిషన్ తయారు చేసి, 50 వేలు వస్తాయి, నాన్నగారిని సంతకం పెట్టమనండి అంటున్నారు. పోయింది లక్షల్లో, వచ్చేది 50 వేలా? పెట్టమంటారా, వద్దా?

జూనియర్ వకీలు

మీ వకీలుగారు చెప్పింది సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 95 గురించి. తగిన ఆధారాలు లేకుండా జప్తు అడిగారని కోర్టుకు అనిపించినా, దావా ఓడిపోయి, అసలు ఆ దావా వేయడానికే సరైన కారణం లేదని తేలినా, ప్రతివాది అదే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఖర్చులకూ నష్టానికీ, పోయిన పరువుకూ కలిపి గరిష్ఠంగా 50,000 వరకు వాది దగ్గర ఇప్పిస్తారు. ఒకప్పుడు వెయ్యి రూపాయలే ఉండేది, 1999 సవరణ 2002లో అమల్లోకి వచ్చాక పెరిగింది. "కోర్టు చేసింది, నాకేం సంబంధం" అనే మాట ఇక్కడ చెల్లదు. సెక్షన్ ఉన్నదే వాది మీద. జడ్జి మీద, అమీనా మీద, ఏసీ యజమాని మీద దావా ఆలోచన పెట్టుకోకండి, వాళ్లు ఆర్డర్ పాటించారంతే.

కొత్త దావా వేయక్కర్లేదు, పెద్ద విచారణా ఉండదు. త్వరగా తేలుతుంది కాబట్టి పెట్టేయడమే మంచిదని నా అభిప్రాయం.

పాత సిరస్తాదారు

ముందు ఆ సంతకం ఆపండమ్మా.

నేను జిల్లా కోర్టుల్లో గుమాస్తాగా చేరి సిరస్తాదారుగా (కోర్టు ఆఫీసు పెద్ద గుమాస్తా) రిటైరయ్యాను. వకీలును కాదు, ఫైళ్లు మోసినవాణ్ని. సెక్షన్ 95 మొదటి భాగం చదివి రెండో భాగం చదవకుండా పిటిషన్ పెట్టినవాళ్లను చాలామందిని చూశాను. తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ అసలు మాట వదిలేశాడు. ఆ దరఖాస్తు మీద కోర్టు ఏదో ఒకటి తేల్చిందంటే, ఆ జప్తు గురించి మళ్లీ నష్టపరిహారం దావా వేయడానికి వీల్లేదు. 50 వేలు ఇచ్చినా అంతే, 5 వేలు ఇచ్చినా అంతే, పిటిషన్ కొట్టేసినా అంతే. అప్పీలు ఉంటుంది గానీ కొత్త దావా ఉండదు. ఆరు లక్షల నష్టం ఉన్న మనిషి 50 వేల గుమ్మం తొక్కే ముందు ఇది తెలుసుకుని తొక్కాలి.

రెండో దారి మామూలు సివిల్ దావా. ఇక్కడ 50 వేల పరిమితి లేదు. అడిగిన మొత్తానికి కోర్టు ఫీజు కట్టాలి, సాక్ష్యం పెట్టాలి, ఏళ్లు పట్టొచ్చు. సెక్షన్ 95లో "ఆధారాలు చాలవు" అని చూపిస్తే సరిపోతుంది. దావాలో అలా కాదు. ప్రతివాది సొంత ఆస్తినే కోర్టు ఆర్డరు మీద జప్తు చేయించినప్పుడు, వాదికి సరైన కారణం లేదని, పైగా దురుద్దేశంతోనే చేయించాడని రెండూ రుజువు చేయాలి. దావా ఓడిపోయాడు కాబట్టి తప్పు చేసినట్టే అనుకుంటే పొరపాటు. నిజాయితీగా నమ్మి వేసి ఓడినవాడు దీని కిందికి రాడు.

అందుకే నాకు మీ దగ్గర నాలుగు సంగతులు కావాలి. తీర్పులో జడ్జిగారు ఏ కారణంతో కొట్టేశారు? వాది రుజువు చేయలేకపోయాడు అన్నారా, డబ్బు ముట్టిందని తేల్చారా? జప్తుకు ముందు మీ నాన్నగారిని పూచీకత్తు ఇమ్మని, లేకపోతే కారణం చెప్పమని ఆర్డర్ ఇచ్చారా? సీపీసీలో తీర్పుకు ముందు జప్తు గురించి చెప్పే ఆర్డర్ 38 రూల్ 5 ప్రకారం ఆ మాట ఉండి తీరాలి, లేకపోతే జప్తే చెల్లదని అదే రూల్ నాలుగో ఉపనిబంధన చెబుతుంది. మీరు పూచీకత్తు ఎందుకు ఇవ్వలేదు? సరుకు పాడవుతోందని తెలిసి, అమ్మించమని కోర్టును ఎందుకు అడగలేదు? ఆఖరి రెండు ప్రశ్నలూ అవతలి వకీలు అడిగేవే. నేను ముందు అడుగుతున్నాను.

పల్నాటి టీచరమ్మ

సార్, తీర్పు కాపీ చూసి రాస్తున్నాను. బ్యాంకులో పడ్డ డబ్బు తనదేనని వ్యాపారి క్రాస్‌లో ఒప్పుకున్నాడు. అది వేరే లావాదేవీ అన్నాడు. ఆ వేరే లావాదేవీకి నోటు గానీ ఖాతా పుస్తకం గానీ చూపించలేదు. బాకీ తీరిపోయిందని జడ్జిగారు రాశారు.

పూచీకత్తు ఆర్డర్ వచ్చిన మాట నిజం. జామీనుకు ఇద్దరు వచ్చారు గానీ వాళ్ల పొలాలు బ్యాంకు తాకట్టులో ఉన్నాయని కోర్టు ఒప్పుకోలేదు.

అమ్మించమని అడిగాం సార్. 2023 ఆగస్టులో పిటిషన్ వేశాం, సరుకు వేలం వేసి ఆ డబ్బు కోర్టులోనే ఉంచమని. వ్యాపారి వద్దని కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేశాడు. ఏసీలో ఉన్న మిర్చి పాడవదు, అమ్మాల్సిన అవసరం లేదు అని. అది వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి దావాతోపాటే ముగించేశారు. ఆ రోజుల్లోనే టీ కొట్టు దగ్గర "కాయ తెల్లబడేదాకా కదలనివ్వను" అన్నాడని మా ఊరివాళ్లు చెప్పారు.

పాత సిరస్తాదారు

ఇంత ముఖ్యమైన సంగతి ప్రశ్నలో ఎందుకు రాయలేదమ్మా!

టీ కొట్టు మాట పక్కన పెట్టండి. విన్నవాడు బోనెక్కి చెబితేనే అది పనికొస్తుంది, ఊళ్లో ఎక్కేవాడు దొరకడు. ఆ కౌంటర్ మాత్రం బంగారం. ఎందుకో చెబుతాను.

జప్తు ఎందుకు పెట్టారు? రేపు డిక్రీ వస్తే వసూలుకు ఏదో ఒకటి మిగలాలని. సరుకు అమ్మి డబ్బు కోర్టులో పెడితే వాదికి అంతకంటే భద్రత ఏముంటుంది? నిల్వ ఖర్చు లేదు, ధర పడిపోతుందనే భయం లేదు. ఆర్డర్ 39 రూల్ 6 ఉన్నదే దానికి. త్వరగా చెడిపోయే సరుకైనా, వెంటనే అమ్మడానికి మరో తగిన కారణం ఉన్నా కోర్టు మధ్యలోనే అమ్మించవచ్చు. తన బాకీ భద్రంగా ఉండాలనుకునే వాది దానికి ఒప్పుకుంటాడు. వద్దన్నాడంటే అతనికి కావలసింది భద్రత కాదు, మీ నాన్నగారిని నలిపి రాజీకి తేవడం. దురుద్దేశం అంటే పగ అనే కాదు. చట్టం ఒక పనికిచ్చిన సాధనాన్ని వేరే పనికి వాడుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఆ కౌంటర్ అతని సంతకంతో కోర్టు ఫైల్లో ఉంది, కాదనలేడు. "నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారు" అనే ప్రశ్నకూ అదే జవాబు.

రెండోది, 50 క్వింటాళ్లు 21 వేల లెక్కన 10 లక్షల 50 వేలు. దావా 9 లక్షలకు. సరుకే చాలినంత ఉంది. డిక్రీకి సరిపోయే మేరకే జప్తు అని రూలు చెబుతుంటే స్థలం కూడా ఎందుకు కలిపించినట్టు? జప్తు పిటిషన్ షెడ్యూల్లో సరుకు విలువ ఎంత వేశాడో చూడండి. కావాలని తక్కువ వేసి ఉంటే అదొక్కటే సగం కేసు.

సుప్రీంకోర్టు 2007లో రామన్ టెక్ కేసులో దీని మీద గట్టిగానే చెప్పింది. తీర్పుకు ముందు జప్తు తీవ్రమైన, అసాధారణమైన అధికారం, పూచీ లేని అప్పును పూచీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి కాదు అని. వాది కేసు బలంగా ఉంటే చాలదు, వసూలు కాకుండా చేయాలనే ఉద్దేశంతో ప్రతివాది ఆస్తి తరలిస్తున్నాడని చూపించాలి. మన తాలూకా కోర్టుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. "ఆస్తులు అమ్ముకుని పారిపోవుటకు ప్రయత్నించుచున్నాడు" అనే వాక్యం టైపిస్టు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పేర్లే మారతాయి. ఎవరికి అమ్మబోతున్నాడు, ఎప్పుడు, నీకెలా తెలుసు అని అడిగే నాథుడు తక్కువ.

ఇక మీకు నచ్చని మాట. లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్ 80 అని ఒకటుంది. కోర్టు ప్రక్రియ కింద చరాస్తిని అక్రమంగా పట్టుకున్నందుకు నష్టపరిహారం దావాకు గడువు పట్టుకున్న రోజు నుంచి ఒక్క ఏడాది. మీకది 2024 జూన్‌తో అయిపోయింది. అవతలివాళ్లు మొదట ఎత్తేది ఇదే. మీ నాన్నగారి వైపు జవాబుంది: పట్టుకున్న రోజు అది సరైన కోర్టు ఆర్డరే, మేము అడుగుతున్నది సరుకు పట్టుకున్నందుకు కాదు, దురుద్దేశంతో ఆ వ్యాజ్యం నడిపినందుకు, దావా కొట్టేసిన రోజునే మాకు హక్కు పుట్టింది అని. ఇది గట్టి వాదనే గానీ తిరుగులేనిది కాదు. కాబట్టి తీర్పు తేదీ నుంచి ఏడాది దాటనివ్వకండి, అంటే 2026 ఫిబ్రవరి లోపల దావా పడాలి. స్థలం చరాస్తి కాదు కనుక దానికి 80 తగలదు. స్థలం బేరం పోయిన నష్టం విడిగా లెక్క వేసుకోండి.

సెక్షన్ 95 దరఖాస్తుకు మాత్రం విడిగా గడువు రాయలేదు, మామూలు దరఖాస్తులకు ఉన్న మూడేళ్లే. అక్కడ తొందర లేదు, తొందరంతా ఇక్కడ.

మీ బాబాయి సంగతి వేరు, అది తర్వాత రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

యార్డు కమీషన్

అందరూ వ్యాపారిని తిడుతున్నారు, ఒక మాట నాదీ వినండి. నేనూ రైతులకు పెట్టుబడి ఇస్తాను. ఒకాయన మీద దావా వేసి నోటీసు పంపితే, అది అందిన వారంలో స్థలం బామ్మర్ది పేరు మీదికి వెళ్లిపోయింది. డిక్రీ వచ్చింది, ఫ్రేమ్ కట్టించుకుని గోడకు పెట్టుకోవడానికి. జప్తు అడగకపోతే మాకు మిగిలేది అదే. ఓడిపోతే లక్షలు కట్టాలంటే రేపు ఏ వ్యాపారీ కోర్టుకు పోడు, అప్పుడు వసూలు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

టీచరమ్మగారి కేసులో ఆయన తప్పు చేశాడనే నాకూ అనిపిస్తోంది. డబ్బు ముట్టాక నోటు ఇవ్వకపోవడం మా యార్డులో కూడా మర్యాద కాదు. అందరినీ ఒకే గాటన కట్టొద్దంటున్నానంతే.

బే ఏరియా తెలుగు

కాలిఫోర్నియాలో ఈ పద్ధతి చూశాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడ జప్తు కావాలంటే వాది ముందు పూచీ బాండు పెట్టాలి. పెద్ద సివిల్ కేసుల్లో మామూలుగా 10,000 డాలర్లు, చాలదని ప్రతివాది చూపిస్తే కోర్టు పెంచుతుంది. జప్తు తప్పని తేలితే నష్టం, లాయర్ ఫీజు ఆ బాండు మేరకు వాది కట్టాలి. మన దగ్గర అలా లేదా?

పాత సిరస్తాదారు

లేదు నాయనా. మన ఆర్డర్ 38లో పూచీ అడిగేది ప్రతివాదిని, వాదిని కాదు. వాది దగ్గర హామీ పత్రం తీసుకుని జప్తు ఇచ్చిన జడ్జీలు లేకపోలేదు. అది వాళ్ల విచక్షణ, రూలు కాదు. రూలే అయితే కమీషన్‌గారి లాంటి నిజమైన అప్పులవాళ్లకు భయం ఉండదు, టైపిస్టు వాక్యం మీద నడిచేవాళ్లు తగ్గుతారు. కమీషన్‌గారూ, మీ దగ్గర బామ్మర్ది పేరు మీద రిజిస్టరైన దస్తావేజు ఉంది. మీరు ఓడినా ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు. దురుద్దేశం రుజువు చేయాలనే షరతు పెట్టింది మీ కోసమే.

ఇప్పుడు బాబాయిగారి 30 టిక్కీలు. ఆయన ప్రతివాది కాదు, అప్పు ఆయనది కాదు. మూడో మనిషి సరుకు జప్తు చేయిస్తే దురుద్దేశం చూపించక్కర్లేదు, సరుకు నాదని రుజువు చేస్తే చాలు. ఇది కొత్త సంగతి కాదు. 1889లో బ్రిటిష్ కాలపు ఆఖరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ కిశోరీమోహన్ రాయ్ వర్సెస్ హర్‌సుఖ్ దాస్ అనే కలకత్తా జనపనార కేసులో తేల్చింది. అక్కడా దావా తేలకముందే జప్తు, అక్కడా వేరేవాళ్ల సరుకు, అక్కడా వ్యాజ్యం సాగినంతలో ధర పడిపోయింది. ఏ సరుకు పట్టుకోవాలో చూపించి, విలువ వేసి అడిగింది అప్పులవాడే కాబట్టి అది నేరుగా అతని పనే అన్నారు. తర్వాత పడిన ధరతో సంబంధం లేకుండా, జప్తు రోజున సరుకు విలువ ఎంతో అంతా కట్టమన్నారు. "కోర్టు చేసింది" అనే మీ వ్యాపారి మాటకు అప్పుడే జవాబు వచ్చేసింది.

అయితే బాబాయిగారికి ఆర్టికల్ 80 సూటిగా తగులుతుంది. ఆయన జప్తప్పుడే ఆర్డర్ 38 రూల్ 8 కింద సరుకు నాదని క్లెయిము పెట్టి ఉండాల్సింది. పైగా ఏసీ బాండు (నిల్వ రసీదు) మీ నాన్నగారి పేరు మీద ఉంది. ఆయనది మాత్రం పోయినట్టే అనుకోండి. బాధగా ఉన్నా, దాన్ని మీ నాన్నగారి దావాలో కలిపితే రెండూ చెడతాయి. నాన్నగారి 80 టిక్కీలకే లెక్క వేయండి: సుమారు 36 క్వింటాళ్లు, క్వింటాకు 13 వేల తేడా, 4 లక్షల 68 వేలు. ఏసీ అద్దె రసీదులు, 21 వేల బేరం చేసిన కొనుగోలుదారు కాగితం, ఆ వారం యార్డు ధరల పట్టీ అన్నీ జత చేయాలి.

జూనియర్ వకీలు

సిరస్తాదారుగారూ, సెక్షన్ 95 రెండో భాగం మాట నేను రాయాల్సింది, ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతాను. రైతు చేతిలో ఉన్న వ్యవసాయ ఉత్పత్తిని తీర్పుకు ముందు జప్తు చేయించడానికి వీల్లేదని ఆర్డర్ 38 రూల్ 12 ఉంది. వీళ్ల నాన్నగారు సొంతంగా పండించిన కాయ ఎన్ని టిక్కీలు, కొన్నది ఎన్ని?

పల్నాటి టీచరమ్మ

పండించింది సుమారు 50, కొన్నవి 30. ఈ రూలు మాకెవరూ చెప్పలేదు.

పాత సిరస్తాదారు

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. ఏసీలో పెట్టిన సరుకు "రైతు చేతిలో" ఉన్నట్టా కాదా అని అవతలివాళ్లు వాదిస్తారు, అయినా దావాలో ఒక పేరా దానికి ఉండాల్సిందే. 50 టిక్కీలకు కౌలు కాగితం, పంట నమోదు తీసి పెట్టుకోండి.

అమ్మా, రేపే కాపీ అప్లికేషన్ పెట్టండి. దావా నంబరు ఒక్కటే రాస్తే తీర్పు, డిక్రీ ఇచ్చి పంపుతారు. జప్తు ఐఏ (మధ్యంతర పిటిషన్) నంబరు, అమ్మకం ఐఏ నంబరు విడివిడిగా రాసి, ఒక్కోదాంట్లో అఫిడవిట్, షెడ్యూల్, కౌంటర్, డాకెట్ ఆర్డర్లు, అమీనా రిపోర్టు అన్నీ కావాలని రాయండి. దావా ముగిసింది కాబట్టి ఫైలు రికార్డు రూముకు వెళ్లి ఉంటుంది, అక్కడ నుంచి తెప్పించడానికే టైము పడుతుంది. అలాగే ఈసీ ఒకసారి తీయించండి. జప్తు ఎత్తేసిన ఉత్తరం సబ్ రిజిస్ట్రార్‌కు చేరకపోతే మీ స్థలం మీద ఆ ఎంట్రీ ఇంకా అలాగే కనబడుతుంది.

పల్నాటి టీచరమ్మ

ఈసీ ఇప్పుడే మీసేవలో తీయించాను సార్. మీరన్నట్టే ఉంది, జప్తు ఎంట్రీ ఇంకా పోలేదు. నాన్న ఆ 50 వేల పిటిషన్ మీద సంతకం పెట్టలేదు. సోమవారం సెలవు పెట్టి కోర్టుకు వెళ్తున్నాను, కాపీలకూ ఈ ఉత్తరానికీ కలిపి.